కార్లు విరిచిన కోడలు

గుడియాత్తం,
ఆడి మాసం, 1939.

శ్రీవారికి ఇంద్రాణి నమస్కరించి రాసే ఉత్తరం. ఇక్కడ అత్తమ్మ, మామయ్య, నేను తిండికీ బట్టకూ లోటు లేకుండా ఉన్నాము. సముద్రం అవతల మీరు వేళకు తిని, వేళకు పడుకొని, ఒంట్లో బాగుండాలని దీపం పెట్టేటప్పుడల్లా మొక్కుకుంటున్నాను.

మీ ఉత్తరం పోయిన శుక్రవారం చేరింది. పిండి రుబ్బుతున్న చేతులు కడుక్కొని వచ్చి, ఎప్పటిలాగే అత్తమ్మకూ మామయ్యకూ చదివి వినిపించాను. నా ఒక్కదానికే రాసిన నాలుగు ముక్కలు మాత్రం మనసులో చదువుకొని దాటేశాను. ముందు మీరు అడిగినవాటికి జవాబులు రాస్తాను.

అత్తమ్మ మోకాలి నొప్పి తగ్గలేదు, పెరగనూ లేదు. ఆముదం కాచి రాసుకుంటున్నారు. వానలు ఈ ఏడు కొంచెం ముందే వచ్చాయి గాని ఏట్లోకి నీళ్ళు రాలేదు, ఇసుక తడిసి ఊరుకుంది. మీ మగ్గం మీద పక్కింటి అణ్ణామలై చిన్నమామయ్యే కైలీ లుంగీలు నేస్తున్నారు. మగ్గం ఖాళీగా పడి ఉంటుందేమోనన్న దిగులు మీకు వద్దు. వేలూరు డాక్టరు చెప్పినట్టు నాన్న కుడిచేతి వేళ్ళు ఆడిస్తున్నాడా అని అడిగారు. ఆ సంగతి ఒక్క మాటలో చెప్పేది కాదు, కింద రాస్తాను. కొలంబో నుంచి వచ్చిన వర్తకుడి చేత మీరు పంపిన బొమ్మ కారు భద్రంగా చేరింది. నాన్నకు నచ్చిందా అని అడిగారు. మామయ్య ఇంకా పొట్లం విప్పలేదు. దారం ముడి కూడా తియ్యలేదు. దిండు కింద పెట్టుకొని పడుకుంటున్నారు.

మీరు అడిగిన ఇంకొక మాట, నా ఉత్తరాలు రాను రాను ఎందుకు పొట్టివవుతున్నాయి అని. దూరాన ఉన్న మనిషికి చెప్పి ఏం చేయిస్తాం, ఊరికే నిద్ర చెడగొట్టడం తప్ప, అనుకొని ఇన్నాళ్ళూ మింగాను. ఇప్పుడు చెప్పక తప్పనిదాకా వచ్చింది. మొదటి నుంచి రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మీరు పడవ ఎక్కేనాటికి మామయ్య దగ్గర పదకొండు కార్లు ఉండేవి. అన్నీ వేలూరిలో కైలీలు ఇచ్చి వచ్చేటప్పుడు ఒక్కొక్కటిగా కొన్నవే. మీరు వెళ్ళాక అక్కడి నుంచి పంపినవి ఆరు. మామూలు కార్లు ఒక్కటి కూడా లేవు, అన్నీ పందెం కార్లే. పాత మగ్గం పలక ఒకటి చిత్రిక పట్టించి, మంచం పక్కన గోడకు కొట్టి, దాని మీద వరుసగా పెట్టుకున్నారు. పక్షవాతం వచ్చాక వాటి విలువ ఇంకా పెరిగింది. పొద్దున గంజి తాగగానే నేను ఇంకొక పలక తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టేదాన్ని. దాని మీద ఒక్కొక్క కారూ పెడితే, కుడిచేతి వేళ్ళతో ఈ కొస నుంచి ఆ కొసకు తోసేవారు. డాక్టరు చెప్పిన వ్యాయామం అదే అయిపోయింది. వాటికి ఆయన పెట్టుకున్న పేర్లు మీకు తెలుసో లేదో. ఇటలీ వాళ్ళ ఎర్ర కారు ‘మిరపకాయ’. జర్మనీ వాళ్ళ వెండి రంగుది చేపలా ఉందని ‘మీను’. ఉప్పు నేల మీద గంటకు మూడు వందల మైళ్ళు పరుగెత్తిందని మీరు రాసి పంపిన పొడుగు కారుకు ‘నాడె’ అని పెట్టారు. అది ఈ కొస నుంచి ఆ కొసకు పోతుంటే మగ్గంలో పోగుల మధ్య నాడె పోయినట్టే ఉంటుందట. దాని మీద కూర్చుంటే, వక్కాకు నమిలి ఊసేలోపు గుడియాత్తం నుంచి వేలూరు పోవచ్చునని అందరికీ చెప్పేవారు.

ఈ పిచ్చి నాన్నకు ఎక్కడ పట్టుకుందో అని మీరు ఒకసారి నన్నే అడిగారు. మీరు వెళ్ళాక ఒక మధ్యాహ్నం ఆయనే చెప్పారు. మీరు చిన్నప్పుడు, ఆయన కైలీల మూట నెత్తిన పెట్టుకొని వేలూరికి నడిచి పోతుంటే, పళ్ళికొండ దాటిన తరువాత రోడ్డు పక్కన ఒక ఎర్రటి కారు ఆవిరి కక్కుతూ నిలిచిపోయి ఉందట. నేలకు జానెడెత్తున, పైకప్పు లేకుండా ఉందట. ఒక తెల్లదొర ఒంటరిగా నిలబడి ఉన్నాడు. మామయ్య దగ్గరున్న ఇంటికి పోయి కడవతో నీళ్ళు తెచ్చి పోస్తే, దొర చేత్తో పక్క సీటు చూపించాడట. మూట ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నారు. గాలికి తలగుడ్డ ఊడి ఎగిరిపోయిందట, ఆపమని అడగలేదట.

“ముప్పై ఏండ్లు మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకొని కూసున్నాను గదమ్మా,” అన్నారు. “నాడె కదిలె, గుడ్డ కదిలె. నేను కదిలింది ఆ ఒక్క పొద్దే.”

ఆ మాట విన్న తరువాత ఆ కార్లను తుడిచేటప్పుడు నా చెయ్యి ఇంకా మెల్లగా పోయేది. ఇది ఎందుకు రాస్తున్నానంటే, కింద రాసేది చదివేటప్పుడు మీ మనసులో ఒక్క గింజంత అనుమానం కూడా రాకూడదు.

పోయిన కార్తీకంలో వానలు వెలిశాక, ఒకరోజు మిరపకాయను తుడుస్తుంటే వెనక చక్రం ఊడి నా చేతిలోకి వచ్చింది. నేను కింద వెయ్యలేదు, గట్టిగా పట్టుకోలేదు. చక్రం లోపలి లోహం ఎండిన సున్నంలా పొడి అయి రాలింది. మామయ్యకు చూపించాను. పోనీలే, చేతి తడి తగిలి ఉంటుంది అన్నారు. తరువాత కొన్నాళ్ళకు ఒక పచ్చ కారు నడుము దగ్గర వెంట్రుక మందాన ఒక గీత కనిపించింది. రంగు పోయిందనుకున్నాను. అది మెల్లగా పగులు అయింది. ఆ తరువాత మీను వంగడం మొదలుపెట్టింది. నవ్వకండి, నిజంగానే వంగింది. అరటికాయలాగా రెండు కొసలూ కిందికి దిగి, నడుము పైకి లేచింది. ఎవరూ తాకకుండా ఇనుములాంటి వస్తువు ఎలా వంగుతుందని నేనే నా కళ్ళను నమ్మలేదు.

నేను చేయనిది లేదు. కొబ్బరినూనె రాసి చూశాను. దూదిలో చుట్టి పెట్టాను. తడి వల్లనేమో అని పొయ్యి పక్కన గూట్లో పెట్టాను, అక్కడ ఇంకా తొందరగా పగిలింది. అత్తమ్మ దిష్టి తీసి ఎండుమిరపకాయలు పొయ్యిలో వేశారు. ఊడిన చక్రం అతికించమని కంసాలి దగ్గరికి తీసుకుపోతే, ఆయన వేడి తగిలించగానే అది నాలుగు ముక్కలయింది. ఇది వెండీ కాదు, సత్తూ కాదు, నా వల్ల కాదమ్మా అని ముక్కలు కాగితంలో కట్టి ఇచ్చేశాడు.

చివరకు అణ్ణామలై చిన్నమామయ్య వేలూరికి గుడ్డలు తీసుకుపోతుంటే వెంట పోయాను. కోట ఎదుటి వీధిలో ఇంగ్లీషు సామాన్లు అమ్మే సుబ్బరాయులు అంగడి ఉంది గదా, మామయ్య మొదటి కార్లు కొన్నది అక్కడే. పగిలిన ముక్కలు ఆయన బల్ల మీద పోసి చూపించాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకొని చాలాసేపు చూశాడు. మంచి మనిషే.

“మా ఇంట్లో పిల్లోళ్ళకిచ్చినవి కూడా ఇట్లనే పోయినాయమ్మా,” అన్నాడు. “సీమ నుంచి వచ్చేటప్పుడే దాని కడుపులో ఏమో ఉండాది. కొన్ని బాగుంటాయి, కొన్ని ఇట్ల పోతాయి. ఏది పోతాదో నాకు తెలీదు. ఏమి చేసేదానికీ లేదు.”

నేను తిరిగి వచ్చి ఆ మాట మామయ్యకు చెప్పాను. అంగడివాడు సరుకు అమ్ముకున్నాడు, ఇంక వాడెందుకు నిజం చెబుతాడు అన్నారు. అప్పుడే ఆయన కళ్ళలో ఒక మార్పు కనిపించింది. నేను గది ఊడుస్తుంటే నా చేతుల వైపే చూసేవారు. పొద్దున లేవగానే పలక మీది కార్లు ఎంచుకునేవారు. కొన్నాళ్ళకు, ఇంక నువ్వు తుడవొద్దు అన్నారు. నేను ముట్టుకోవడం మానేశాను. అయినా పగుళ్ళు ఆగలేదు.

ఒకరోజు అణ్ణామలై చిన్నమామయ్యా, వీధి ఆడవాళ్ళు ఇద్దరు ముగ్గురూ ఇంట్లో ఉండగా, నాడె తోక విరిగి పలక మీద పడి ఉండడం మామయ్య చూశారు. అది మీరు పంపినది. నన్ను పిలిచారు.

“నా చెయ్యి పడిపోయినాది గాని కండ్లు పోలేదు,” అన్నారు. “మొగుడు పంపేది ముసలోడి బొమ్మలకని నీకు కడుపుమంట. ఆ మంట నోటితో చెప్పకుండా చేత్తో చూపిస్తా ఉండావు.”

అత్తమ్మ నన్ను వంటింట్లోకి తీసుకుపోయి, కొన్నాళ్ళు చిత్తూరు పోయి మీ అమ్మ దగ్గర ఉండు అన్నారు. నాకూ పోవాలనే అనిపించింది. గుడ్డలు మూట కట్టుకున్నాను కూడా. అయితే నేను పోతే ఆ మాట నిజమైపోతుంది. ఇంకా ఏమంటే, ఆయన్ను లేపి కూర్చోబెట్టడం అత్తమ్మ మోకాళ్ళతో అయ్యే పని కాదు. మూట విప్పేశాను.

అప్పుడు నేనే ఒక మాట చెప్పాను. మిగిలిన కార్లన్నీ రేకు పెట్టెలో పెట్టి తాళం వెయ్యమన్నాను. పెట్టె అణ్ణామలై చిన్నమామయ్య ఇంట్లో, తాళంచెవి మామయ్య మొలతాడుకు. గంగమ్మ శిరస్సును ఊరేగించే తిరునాళ్ళు అయి, వానలు మొదలయ్యాక తెరిచి చూద్దాం, అప్పటికి ఒక్కటి కూడా పగలకపోతే నేను చిత్తూరు పోతాను అన్నాను. మామయ్య ఒప్పుకున్నారు. బాగున్నవాటినే ఏరి, ఒక్కొక్కటీ తానే చూసి, ఎడమచేత్తో పెట్టెలో పెట్టారు.

ఆ రోజులు ఎలా గడిచాయో నాకే తెలుసు. అవి పగలాలని మొక్కుకోవాలా, పగలకూడదని మొక్కుకోవాలా తెలియలేదు. పగిలితే నా మాట నిలుస్తుంది, ఆయన కార్లు పోతాయి. పగలకపోతే ఆయన కార్లు నిలుస్తాయి, నేను పోతాను. శిరస్సు ఊరేగింపు మన వీధిలోకి వచ్చినప్పుడు హారతి పళ్ళెం పట్టుకొని, ఏమీ కోరుకోకుండా నిలబడి వచ్చేశాను.

తిరునాళ్ళు అయింది. వానలు పడ్డాయి. మామయ్యను కుర్చీలో కూర్చోబెట్టి పక్కింటికి మోసుకుపోయారు. మొలతాడు నుంచి తాళంచెవి తీసి ఆయనే ఇచ్చారు. అణ్ణామలై చిన్నమామయ్య మూత ఎత్తి, పెట్టెను ఆయన వైపు తిప్పారు.

అడుగున బూడిద రంగు పొడి రాలి ఉంది. ఒక నీలం కారు మూడు ముక్కలయింది. తెల్లదానికి ముందు భాగం ఊడి, రబ్బరు టైర్లు మాత్రం బాగున్నాయి. ఒకటి వాపు వచ్చినట్టు ఉబ్బి, ఒళ్ళంతా నెర్రెలు తీసింది. బాగున్నవి మూడే.

మామయ్య వేలితో ఆ పొడిని తాకి చూశారు. తరువాత నన్ను దగ్గరికి రమ్మన్నారు. ఎడమచెయ్యి ఎత్తి నా తల మీద పెట్టారు.

“తప్పు నాదేనమ్మా,” అన్నారు. “అనగూడని మాటలన్నాను. మనసులో పెట్టుకోవద్దు.”

అందరి ఎదుట అన్నారు. నేను ఏడ్చాను. ఆ రోజు నాకు సంతోషంగానే ఉంది, దాచను. ఇంటికి వచ్చి పాయసం కూడా చేశాను. మీకు ఉత్తరం రాద్దామనుకున్నాను. మంచిదే అయింది రాయనందుకు.

మరునాడు పలక తీసుకుపోయి ఒళ్ళో పెడితే, వద్దన్నారు. మూడు కార్లు మంచం మీద పెడితే గోడ వైపు తిరిగి పడుకున్నారు. గంజి రెండు గుటకలు తాగి చాలన్నారు. కుడిచేతి వేళ్ళు ముడుచుకొని అలాగే ఉండిపోయాయి. అంతకు ముందు, నన్ను తిట్టే రోజుల్లో, తెల్లవారగానే లేచి కూర్చునేవారు. కార్లు ఎంచాలి, నా మీద కన్ను వేసి ఉండాలి, అత్తమ్మకు ఫిర్యాదు చెప్పాలి. కోపంతోనే అన్నం కలుపుకొని తినేవారు. ఇప్పుడు లేపితే లేచారు, పడుకోబెడితే పడుకున్నారు. తడి గుడ్డ ఎలా మడిస్తే అలా ఉంటుంది చూడండి, అలా అయిపోయారు. వైద్యుడు వచ్చి నాడి చూసి, జబ్బేమీ పెరగలేదు, మనిషే తగ్గిపోతున్నాడు అన్నాడు. మందు ఏమీ రాయలేదు.

ఒక సాయంత్రం పక్కన కూర్చొని కాళ్ళు పిసుకుతూ, ఎందుకు మామా ఇట్లా ఉండారు, మూడు ఉన్నాయి గదా, ఆయన ఇంకొకటి పంపుతానని రాసినారు గదా అన్నాను. గోడ వైపు చూస్తూనే మాట్లాడారు.

“ఎవురో ఒకరు ఇరిస్తే, వాళ్ళను పట్టుకోవచ్చు,” అన్నారు. “ఎవురూ ఏమీ చెయ్యకుండానే ఇరిగిపోతాయంటే, ఇంక నేను దేనికని కాపలా కాసేదమ్మా?”

వంటింట్లోకి పోయి కూర్చున్నాను. ఆ మాట మామయ్య కార్ల గురించి ఒక్కటే అనలేదని నాకు తెలుసు. ఏ పాపం చేయకుండా ఒక ఉదయం మగ్గం మీద ఉండగానే ఆయన కుడిపక్క పడిపోయింది గదా. దానికీ ఎవరూ దొరకలేదు.

ఆ వారం ఆయన ఇంకా తగ్గిపోయారు. గంజి మింగడం కూడా మరచిపోయినట్టు నోట్లో పెట్టుకొని ఉండేవారు. అత్తమ్మ మీకు తంతి ఇప్పిద్దామన్నారు. ఇక్కడి నుంచి నేను రాయబోయేదే మీకు చెప్పవలసిన అసలు మాట.

ఒక మధ్యాహ్నం అత్తమ్మ ఏటి వైపు పోయినప్పుడు ఆయన మంచం దగ్గర నేల మీద కూర్చొని, “మామా, ఒక మాట చెప్పాల. కార్లు ఇరిచింది నేనే,” అన్నాను.

ఆయన కదలలేదు.

“మొదటివి చేత్తోనే పాడు చేసినాను. కంసాలి దగ్గరికి పోయినాను గదా, అప్పుడే కొంచెం ద్రావకం అడిగి తెచ్చుకున్నాను. పెట్టెలో పెట్టే ముందు అన్నిటికీ పూసినాను. అది మెల్లిగా తినేస్తాది. మూడింటికి పూసేదానికి టైము చాల్లేదు.”

ఎలా అంత పూసగుచ్చినట్టు అబద్ధం నా నోట వచ్చిందో నాకే తెలియదు. ముందుగా అనుకున్నది కూడా కాదు. ఆయన తల మెల్లగా నా వైపు తిరిగింది. చాలాసేపు నా ముఖమే చూశారు. నాకు భయం వేసింది, నమ్మరేమోనని.

“యాల?” అన్నారు.

“మీరన్న మాటే నిజం మామా. కడుపుమంట.”

అప్పుడు లేచారు. ఎవరూ పట్టుకోకుండా, మంచం పట్టె పట్టుకొని, ఎడమ మోచేతి మీద ఒరిగి లేచి కూర్చున్నారు. తలాపున ఉన్న నీళ్ళ చెంబు తీసి నా మీదికి విసిరారు. అది గోడకు తగిలి దొర్లింది. నోటికి వచ్చినన్ని తిట్లు తిట్టారు. పది మంది ఎదుట తన చేత తప్పు ఒప్పించినందుకు ఇంకా ఎక్కువ తిట్టారు. అత్తమ్మ వచ్చేసరికి రొప్పుతున్నారు. ముఖం ఎర్రగా ఉంది. గంజి తే అన్నారు. చెంబెడు గంజి తాగి, మూతి తుడుచుకొని, మళ్ళీ మొదలుపెట్టారు.

ఆ రోజు నుంచి మామయ్య మీరు వెళ్ళేనాటి మనిషే అయ్యారు. మూడు కార్లూ తెప్పించుకొని ఒళ్ళో పెట్టుకుంటారు. నా అడుగుల చప్పుడు వింటే కుడిచెయ్యి వాటి మీద అడ్డం పెడతారు. మీరు అడిగిన వేళ్ళ సంగతి ఇదే. బొటనవేలు, దాని పక్క రెండు వేళ్ళు కదులుతున్నాయి. కారును గుప్పిట్లో పట్టుకోగలుగుతున్నారు. డాక్టరు చూస్తే సంతోషిస్తాడు.

మిగిలిన వాళ్ళ సంగతి కూడా రాయాలి. అత్తమ్మ ఆ సాయంత్రం నన్ను బావి దగ్గర ఆపి, “నా మింద ఒట్టేసి చెప్పు. నిజమేనా?” అని అడిగారు. ఆమెకు చెబుదామనే నోరు తెరిచాను. ఆమెది ఒక్క పూట కూడా దాచుకోలేని మనసు. నిజం తెలిస్తే ఆయన తిడుతున్నప్పుడు అడ్డం వస్తారు, అంతా తెలిసిపోతుంది. నిజమే అత్తమ్మా అన్నాను. ఆమె కడవ ఎత్తుకొని పోయారు. అప్పటి నుంచి ఆమె తానే వండుతున్నారు. పిండి రుబ్బనిస్తారు, నా విస్తరాకు మాత్రం వడ్డించి దూరంగా జరుపుతారు. మోకాళ్ళకు ఆముదం నేను రాస్తానంటే కాళ్ళు ముడుచుకుంటారు. చిన్నమామయ్య ఇదివరకు నా చేత చుట్టించే నూలు కండెలు ఇప్పుడు వేరే ఇంటికి ఇస్తున్నారు. వీధిలో ఆడవాళ్ళు నేను పోతే నీళ్ళ దగ్గర మాట ఆపుతారు. ఎవరినీ తప్పు పట్టను. పక్షవాతం వచ్చిన ముసలాయన వస్తువులు ద్రావకం పోసి పాడు చేసిన కోడలితో నేనైనా మాట్లాడను.

ఇది కూడా ఎన్నాళ్ళు నిలుస్తుందో తెలియదు. మిగిలిన మూడింటిలో ఒకదానికి చక్రం దగ్గర తెల్లటి గీత పడింది. ఆయన ఇంకా చూడలేదు. చూస్తే, దీనికీ ఎప్పుడో దొంగతనంగా పూసినావు అని నన్నే అంటారు, అంతవరకు పరవాలేదు. నాకు భయం మీరు పంపిన కొత్తదాని గురించి. నా కన్ను పడకూడదనే ఆయన పొట్లం విప్పడం లేదు. అది ఆయన దిండు కింద, ఆయన తల బరువు కిందే ఉంది. నేను దాన్ని చూడను కూడా లేదు. ఒకవేళ అది కూడా ఆ కాగితంలోనే పగిలిపోతే, ఆయన విప్పిన రోజు ఆయనకు అంతా అర్థమైపోతుంది. బాగుండవచ్చు, సుబ్బరాయులు కొన్ని బాగుంటాయి అన్నాడు. అది తయారైన చోటే తేలిపోయిన సంగతి. నేను మొక్కినా మారదు, మీరు అక్కడి నుంచి ఏం చేసినా మారదు. ఇంకొకటి పంపండి అని రాయలేను, పంపకండి అని కూడా రాయలేను.

ఈ ఉత్తరం నేను మామయ్య ఎదుటే కూర్చొని రాస్తున్నాను. ఆయనే రాయమన్నారు. నీవు చేసిందంతా నీ చేత్తోనే నా కొడుక్కు రాయి, వాడు ఏమంటాడో చూస్తాను అన్నారు. ఈ ఇంట్లో తెలుగు మాట్లాడని వాళ్ళు లేరు, చదవగలిగింది మనిద్దరమే. పెండ్లయిన కొత్తలో మీకు అక్షరాలు దిద్దించినప్పుడు ఇలాంటి పనికి వస్తాయని అనుకోలేదు. పొద్దుటి నుంచి ఆయన నా కలం వైపే చూస్తున్నారు. ఇప్పుడే అడిగారు.

“అన్నీ రాసినావా?”

“రాసినాను మామా.”

“ద్రావకం మాట?”

“అదీ రాసినాను.”

“ఒక్కటి కూడా దాపెట్టొద్దు.”

“దాపెట్టలేదు మామా,” అన్నాను. ఆయన తల ఊపి, మూడు కార్లలో ఒకటి తీసి పలక మీద పెట్టుకున్నారు.

అందువల్ల నేను మిమ్మల్ని ఒకటే కోరుతున్నాను. ఈ ఉత్తరం చదివి పొయ్యిలో వెయ్యండి. వెంటనే ఆయనకు జవాబు రాయండి. అందులో నన్ను తిట్టండి. మెత్తగా తిడితే ఆయన ఒప్పుకోరు, కొడుకు పెండ్లాం మాట విన్నాడు అంటారు. గట్టిగా తిట్టండి. ఇలాంటి దాన్ని చేసుకున్నందుకు సిగ్గుగా ఉందని రాయండి. నాన్నా, నీ కార్లు నీ చేతిలోనే పెట్టుకో, దాన్ని దగ్గరికి రానీయవద్దు అని రాయండి. మా పుట్టింటి వాళ్ళను మాత్రం ఏమీ అనకండి, అది నా నోట పలకదు. ఆ ఉత్తరం ఆయనకు చదివి వినిపించవలసింది నేనే గదా. నేనే కల్పించి చదవవచ్చు గదా అని మీకు తోచవచ్చు. ఎన్నో అబద్ధాలు ఆడాను గాని, మీరు రాయని మాట మీరు రాసినట్టు చదవడం నా వల్ల కాదు. అందులోనూ ఆ మాటలు. మీరే రాయండి. ఒక్క అక్షరం వదలకుండా చదువుతాను.

నా ఒక్కదానికే రాసే నాలుగు ముక్కలు ఈసారి రాయకండి. ఆయన కాగితం పొడుగు చూస్తున్నారు ఈ మధ్య. నేను ఎంతసేపు చదివానో, కాగితం మీద ఎంత ఉందో పోల్చుకుంటున్నారు. కళ్ళు పోలేదు గదా.

ఆరోగ్యం జాగ్రత్త. మీరు పనిచేసే షెడ్డులో నూనె చేతులతోనే అన్నం తినకండి.

ఇట్లు,
మీ తిట్ల కోసం ఎదురుచూసే
మీ భార్య
ఇంద్రాణి